బిడ్డా, ఆదివారం వస్తున్నా

బిడ్డా,

వడ్లు కొనే సెంటర్‌లో ఇవాళ కాంటా అయ్యేసరికి రాత్రి పదయింది. మీ బాపు బస్తాల కాడే పడుకున్నాడు. ఫోన్ చేస్తే "తిన్నానమ్మా" అని పెట్టేస్తున్నావు. అందుకే రాస్తున్నాను.

దసరాకు నువ్వున్న ఆరు రోజులు కళ్ళ ముందే తిరుగుతున్నాయి. సద్దుల బతుకమ్మ నాడు నువ్వులు వేయించింది నువ్వే, పల్లీలు దంచింది నువ్వే, మలీద ముద్దలు చేసి వాడకట్టంతా పంచింది నువ్వే. నీ నోట్లో మాత్రం ఒక్క ముద్ద వేసుకోలేదు. రాత్రి నా పక్కన పడుకుని వంటల వీడియోలు చూస్తుంటే, బిడ్డకు వంట మీద మనసు పుట్టిందని సంబరపడ్డాను. మేమంతా ఉక్కకు కొంగుతో విసురుకుంటుంటే నువ్వు నిండు చేతుల స్వెట్టర్ వేసుకుని కూర్చున్నావు. తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. ముంజేతుల మీద పసిపిల్లకున్నట్టు సన్నటి నూగు. నీ బ్యాగు సర్దుతుంటే, జూన్‌లో నేను పెట్టి పంపిన ప్యాడ్ల ప్యాకెట్ విప్పకుండానే కనపడింది.

అప్పుడు భయం పట్టుకుంది. నువ్వు వెళ్ళిన మూడో రోజు నల్లగొండ పోయి ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. నువ్వు లేకుండా నీ గురించి మాట్లాడినందుకు కోపగించుకోకు. ఆమె అంతా విని, నిన్ను చూడకుండా గట్టిగా చెప్పలేనని, కానీ ఇది ఈటింగ్ డిజార్డర్‌లా, అంటే తిండి చుట్టూ తిరిగే మనోవ్యాధిలా ఉందని, ఆలస్యం చేయొద్దని అంది. అందులో అనొరెక్సియా అని ఒకటుందట. ఎంత తగ్గినా ఇంకా లావుగానే ఉన్నానని మనసు చెబుతూనే ఉంటుందట. మనోవ్యాధుల్లో ప్రాణాలకు ఎక్కువ ముప్పు తెచ్చేవాటిలో అదొకటి.

వంటల వీడియోల సంగతి చెప్తే ఆమె నాకొక ముచ్చట చెప్పింది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధంలో ఆకలితో మాడిన జనానికి మళ్ళీ ఎట్లా తిండి పెట్టాలో తెలుసుకోవడానికి, 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వాళ్ళ ఇష్టంతోనే ఆరు నెలలు అరతిండి పెట్టాడట. వాళ్ళ బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఎండాకాలంలో కూడా చలి అన్నారు. తిండి గురించి తప్ప ఇంకో ఆలోచన లేదు. వంట మీద ఎన్నడూ ధ్యాస లేనివాళ్ళు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. చీటికిమాటికి చిరాకు, దిగులు. ముందు ఏ మనోవ్యాధీ లేని మనుషులు వాళ్ళు. ఆకలే వాళ్ళనట్లా చేసింది. అది విన్నప్పుడు బతుకమ్మ నాటి నీ చేతులు గుర్తొచ్చి ఆమె ముందే ఏడ్చాను.

నువ్వు వెళ్ళే ముందు రోజు ఒక మాటన్నావు. "బాపును బరువు తగ్గమంటారు, నన్నేమో తినమంటారు, ఇదేం న్యాయం?" అని. అప్పుడు నాకు జవాబు దొరకలేదు.

మీ బాపుకు షుగర్. చేతులు కాళ్ళు సన్నమే, కొవ్వంతా పొట్టలో ఉంది. మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే మనవాళ్ళు జాగ్రత్త పడాలంటారు. పుణెలో యాజ్ఞిక్ అనే డాక్టర్ 2004లో తననూ ఒక ఇంగ్లండ్ డాక్టర్‌నూ పోల్చి చూపించాడట. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండ్ ఆయనకు 9 శాతం, యాజ్ఞిక్‌కు 21. అంటే బీఎంఐ కూడా పూర్తి సంగతి చెప్పదు. మీ బాపు చేస్తున్నదేంటి? రాత్రి బువ్వ బదులు రెండు జొన్న రొట్టెలు, కాలువ గట్టు మీద నడక. మూడు పూటలా తింటాడు. వారానికి అరకిలో కంటే ఎక్కువ తగ్గొద్దని డాక్టర్ చెప్పాడు. పండక్కి గారెలు తిన్నాడు, తిన్నందుకు మర్నాడు పస్తులుండలేదు. నువ్వు అర్ధరాత్రి డాబా మీద తిరిగావు, ఒక ముద్ద పప్పన్నం తిన్నందుకు. ఆ రెండూ ఒకటి కావు బిడ్డా.

మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గానని కాంటా ఫొటో పంపావు గుర్తుందా? సెంటర్‌లో రోజూ తేమ మిషన్ పట్టుకునేదాన్ని, నాకు అప్పుడే తట్టాల్సింది. వడ్లలో తేమ 17 శాతం దాటితే ఆరబోయమంటాం. ఆరితే తూకం తగ్గుతుంది, పోయింది నీళ్ళు. ఒంట్లోనూ మొదట తగ్గేది ఎక్కువగా నీళ్ళేనట. ఆ తర్వాత కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. గుండె కూడా కండే. ఇప్పుడు నీ బరువెంతో నేను అడగను, ఇందులో రాయను. ఆ అంకె నీకు పొగడ్తలా వినపడుతుందేమోనని నా భయం.

మన దగ్గర కొవ్వంటే తిట్టు. ఎవరైనా ఎదురు మాట్లాడితే "కొవ్వెక్కింది" అంటాం. ఆడమనిషికి మామూలుగా బతకడానికే ఒంట్లో పది నుంచి పదమూడు శాతం కొవ్వుండాలని నాకూ ఇప్పుడే తెలిసింది. కొవ్వులోంచి లెప్టిన్ అనే హార్మోన్ పుడుతుంది, దాన్ని 1994లో కనుక్కున్నారు. ఒంట్లో నిల్వ ఉందో లేదో మెదడుకు అదే కబురు చెబుతుంది. నిల్వ అడుగంటితే మెదడు ముందు నెలసరిని ఆపేస్తుంది. దాంతో ఎముకలకు బలమిచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కూడా పడిపోతుంది. నీ వయసులో ఎముక ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. ఈ ఏళ్ళలో కూడబెట్టుకోవాల్సింది పోతే తర్వాత పూర్తిగా తిరిగి రావడం కష్టం.

ఎముకలంటే ఏంటో నీకు నేను చెప్పాలా? మర్రిగూడ పక్క మీ అమ్మమ్మ నడుమెట్లా వంగిపోయిందో చూశావు కదా. అది ఫ్లోరైడ్ నీళ్ళతో వచ్చింది, వేరే రోగం, నాకు తెలుసు. ఆమెకు మంచి నీళ్ళు అందేసరికే వయసు అయిపోయింది. మంచం మీద నుంచి లేవడానికి ఆమె పడే బాధ చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, నా బిడ్డ ఎముకలు నా కళ్ళ ముందు గుల్ల కావడం చూడలేను.

ఇంకొకటి అడగాలి. తిన్న వెంటనే బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి పెడుతున్నావు. నువ్వు కక్కుకుంటున్నావేమోనని అనుమానం. అట్లా అయితే దాచకు. రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుందట. డాక్టరమ్మకు అది తప్పక తెలియాలి. నేను తిట్టను.

తిట్టే హక్కు కూడా నాకు లేదు. ఇంటర్ అయ్యాక పెళ్ళికి పోతుంటే, జాకెట్ పట్టలేదని "కొన్నాళ్ళు నోరు కట్టుకో" అన్నది నేనే. చుట్టాలందరి ముందు అన్నాను. తర్వాత నువ్వు పంపిన ఆ కాంటా ఫొటోకు పూల బొమ్మలు పెట్టి మీ మేనత్తకు కూడా పంపాను. నా మాట ఒక్కదాంతోనే ఇది రాదని డాక్టరమ్మ అంది, నీ తప్పు కూడా కాదంది. కానీ ఆ మాట అనకుండా ఉండాల్సింది. నన్ను క్షమించు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. సోమవారం డాక్టరమ్మ దగ్గర రక్త పరీక్షలు, ఈసీజీ. చాలా రోజులు మాడిన ఒంట్లోకి ఒక్కసారి బాగా తిండి పోయినా రక్తంలో లవణాలు తారుమారై ప్రమాదమట, అందుకని సకినాల డబ్బా తేవడం లేదు. ఎంత పెట్టాలో, ఎట్లా పెంచాలో ఆమె చెప్తుంది. ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చుని ప్రతిపూటా తినిపించడం కూడా వైద్యంలో భాగమేనట. సెంటర్ పని సంఘంలో వేరేవాళ్ళు చూసుకుంటామన్నారు. చదువు ఒక సెమిస్టర్ ఆగినా ఏం కాదని మీ బాపు అన్నాడు.

ఈలోపు రాత్రిపూట మనసు బాగా లేకపోతే, నాతో చెప్పబుద్ధి కాకపోతే, 14416కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు. కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా ఆదివారం దాకా ఆగకు. రూమ్‌మేట్‌ను లేపి వెంటనే ఆసుపత్రికి పోండి.

హాస్టల్ కింద నిలబడి ఫోన్ చేస్తాను. చలి అంటున్నావు కదా, నాయనమ్మ కుట్టిన బొంత తెస్తున్నా.

అమ్మ