బేరింగులతో వచ్చే ఇంజిన్ చాంబర్లు ఇకపై బ్లాస్టింగ్‌కి తీసుకోం

విజయవాడ ఆటోనగర్‌లో మా షాపుకి పాత బండ్ల ఇంజిన్ చాంబర్లు (క్రాంక్ కూర్చునే అల్యూమినియం డొప్పలు) బ్లాస్టింగ్‌కి, అంటే పూసలు కొట్టి శుభ్రం చేయించడానికి, పంపే వాళ్లందరికీ ఈ మాట. వచ్చే నెల నుంచి పూర్తిగా విప్పని చాంబర్‌ని మెషిన్‌లో పెట్టను. బేరింగులు, ఆయిల్ సీళ్లు, ఆయిల్ దారులకి ఉండే ప్లగ్గులు, డ్రెయిన్ బోల్టు, అన్నీ బయటికి వచ్చాకే బ్లాస్టింగ్. మీరే తీసి పంపండి, లేదా నన్ను తీయమనండి. కాకపోతే నేను తీస్తే దానికి కూలి వేరు. ఇన్నాళ్లూ బ్లాస్టింగ్ రేటులోనే ఆ పని కూడా కలిపి చేశాను, ఇప్పుడు కొట్టడానికి పట్టే టైం కంటే విప్పడానికి పట్టే టైమే ఎక్కువైపోయింది. బ్లాస్టింగ్ రేటు మాత్రం పెంచలేదు, పాతదే.

"అన్నా, బేరింగులు ఉంచి కొట్టేయ్, ఎలాగూ కొత్తవి వేస్తాం కదా, బేరింగు కూర్చునే గదికి కూడా అడ్డుగా ఉంటుంది" అని చాలామంది అంటున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మేం చేసేది వెట్ బ్లాస్టింగ్. నీళ్లలో సన్నటి గాజు పూసలు కలిపి, ఆ నీళ్లని కంప్రెసర్ గాలితో చాంబర్ మీద కొడతాం. ఒక్కో పూస 0.1 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. అలాంటిది బేరింగు గోళీల మధ్య నుంచి దూరి వెనక్కి వెళ్లడం ఎంతసేపు? అవతలి వైపు మూసుకుపోయి ఉన్న గది అయితే అక్కడే తిష్ఠ వేస్తుంది, ఎంత నీళ్లు పెట్టి కడిగినా రాదు. తర్వాత మీరు ఆ బేరింగుని లాగినప్పుడు పూసలు బేరింగుకీ గదికీ మధ్య ఇరుక్కుని మెత్తటి అల్యూమినియంని గీసుకుంటూ వస్తాయి. అడ్డుగా ఉంటుందనుకున్నదే గదిని పాడు చేస్తుందన్నమాట. ఆ తర్వాత కొత్త బేరింగు వదులుగా కూర్చుంటే లేత్ షాపుకి వెళ్లి స్లీవ్ (గదిలో బిగించే పల్చటి రింగు) వేయించుకోవాలి, అది మా బిల్లు కంటే పెద్ద బిల్లు.

బేరింగు తీయడం పెద్ద విద్యేం కాదు, వేడి ఉంటే చాలు. అల్యూమినియం వేడికి స్టీలు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 6305 నంబర్ బేరింగు బయటి కొలత 62 మి.మీ., చాంబర్ మొత్తం ఇంకో 90 డిగ్రీలు వేడెక్కితే గదికీ బేరింగుకీ మధ్య 0.06 మి.మీ. దాకా తేడా వస్తుంది. మామూలు బిగువుకి అది సరిపోతుంది. ముందు జిడ్డు కడిగేసి, ఓవెన్‌లో గానీ హాట్ ప్లేట్ మీద గానీ 110, 120 డిగ్రీల వరకు తీసుకెళ్లి, మందపాటి గ్లవ్స్‌తో పట్టుకుని చెక్క మీద తడితే చాలాసార్లు బేరింగు దానంతట అదే జారిపడుతుంది. ఒక చుక్క నీళ్లు వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి, అదే గుర్తు. ఇంట్లో వంట ఓవెన్ వాడితే ఆ వాసన నెలల తరబడి కేకుల్లో వస్తుంది, ఆ తర్వాత ఇంట్లో వాళ్లతో పంచాయితీ మీదే. గ్యాస్ కట్టర్ మంట తెచ్చి ఒకేచోట పెట్టడం మాత్రం వద్దు, చాంబర్ వంకర పోతుంది. చల్లగా ఉన్నప్పుడు సుత్తీ ఉలీ పెట్టి కొట్టిన చాంబర్లు కూడా వస్తున్నాయి, చూస్తేనే ప్రాణం ఉసూరుమంటోంది.

ఇక బుల్లెట్ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మాకు వచ్చే వాటిలో ఎక్కువ అవే. "కాస్ట్ ఐరన్ ఇంజిన్" అని అందరూ అంటారు గానీ ఇనుము బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) వరకే, కింద చాంబర్ అల్యూమినియమే. పాత బుల్లెట్‌కి ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, చాంబర్ పోతలోనే వెనక వైపు ఒక అరలా ఉంటుంది. ఏళ్ల తరబడి మడ్డి అంతా అక్కడే పేరుకుంటుంది. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది, వేలు పెడితే నల్లటి జావ తగులుతుంది. టైమింగ్ గేర్ల మీద ఉండే మూత, టైమింగ్ కవర్, ఇంకో తలనొప్పి. ఆయిల్ పంపులు కూర్చునేది అందులోనే, ఫిల్టర్ నుంచి క్రాంక్‌కి ఆయిల్ వెళ్లే దారి కూడా ఆ పోతలోపలే. ఆ దారుల ప్లగ్గులు తీసి, సన్నటి బ్రష్ అటు నుంచి ఇటు బయటికి వచ్చేదాకా లాగాలి. ప్లగ్గు ఉండగా కొడితే పూసలు ఒకవైపు నుంచి లోపలికెళ్లి అవతలి మూల ఆగిపోతాయి. ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పల్చబడ్డాక, ఒకరోజు అవి కదిలి సరాసరి కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌తో కలిసే బేరింగుకి, అంటే బిగ్ ఎండ్‌కి చేరతాయి. బ్లాస్టింగ్ చేయించిన కొన్నాళ్లకే క్రాంక్ పోయింది అని ఎవరైనా చెబితే నాకు మొదట వచ్చే అనుమానం అదే.

యెజ్డీ, జావా వాళ్లు, ఆర్ఎక్స్ 100 వాళ్లు "మాది టూ స్ట్రోక్, లోపల ఆయిల్ దారులే లేవు" అంటారు. బుల్లెట్ అంత లేవు, నిజమే. కానీ క్రాంక్ బేరింగులకి పెట్రోల్‌లో కలిసిన ఆయిల్ అందడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, సీళ్ల వెనక గాడులుంటాయి. సీలు రబ్బరు, రబ్బరు మీద పూస కొడితే ఎగిరి పక్కకి పోతుంది, కింద మురికి అలాగే ఉంటుంది, అంచున మాత్రం పూసలు చేరతాయి. పాత ప్యాకింగ్ (గాస్కెట్) ముక్కలు, అనాబాండ్ లాంటి సిలికాన్ పేస్టు కూడా అంతే, బ్లాస్టింగ్‌తో పోవు. ముందు గీకి తీయాల్సిందే, అది కూడా ప్లాస్టిక్ బద్దతో, బ్లేడుతో కాదు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. కొత్త చాంబర్ దొరకదు, ప్యాకింగ్ కూర్చునే ఫేసు మీద గీత పడితే ఆ గీతతోనే బతకాలి.

జిడ్డు గురించి కొంచెం గట్టిగానే చెబుతున్నా. మా ట్యాంకులో నీళ్లు, పూసలు తిరిగి తిరిగి అందరి పార్టులకీ అవే వాడతాం. ఒక చాంబర్ నుంచి ఆయిల్ దిగిందంటే పూసలు ముద్దకడతాయి, తర్వాత పెట్టిన ప్రతి పార్టు మీదా బూడిదరంగు మచ్చలు పడతాయి, ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. కాబట్టి డీజిల్‌తో ఒకసారి, వేడి సబ్బునీళ్లతో ఇంకోసారి కడిగి పంపండి. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడకూడదు. కాస్టిక్ సోడాలో నానబెట్టమని సలహా ఇచ్చే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. అది ఇనుముకి పనికొస్తుంది, అల్యూమినియంని తినేస్తుంది, పొద్దున్నే తీసి చూస్తే చాంబర్ నల్లగా, గరుగ్గా ఉంటుంది, ప్యాకింగ్ ఫేసుల కొలత కూడా పోతుంది. పెయింట్ ఉంటే రిమూవర్ వేసి తీయండి. గాజు పూసకి మురికి, తెల్ల తుప్పు లేచిపోయినంత తేలిగ్గా పెయింట్ లేవదు.

అన్నీ పీకేయమని కూడా అనడం లేదు. బుల్లెట్‌లో క్యామ్ స్పిండిళ్లు (క్యామ్‌లు తిరిగే ఇరుసులు) గట్టిగా, అరగకుండా ఉంటే వాటి జోలికి పోవద్దు, తీసి మళ్లీ కొడితే వదులవుతాయి. వాటికి రబ్బరు గొట్టం తొడిగి నేను కాపాడతాను. స్టడ్డు (తల లేని బోల్టు) బిగుసుకుపోయి విరిగేలా ఉంటే అలాగే వదిలేయండి, విరిగిన స్టడ్డు తీయడం ఎంత నరకమో చేసినవాడికే తెలుసు. మరలున్న ప్రతి రంధ్రంలో పాత బోల్టు ఒకటి చేత్తో తిప్పి పెట్టి పంపితే ఇంకా మంచిది. పగుళ్లుంటే, వెల్డింగ్ చేయించాల్సి ఉంటే అది ముగిశాక చివరి బ్లాస్టింగ్ చేద్దాం, లేకపోతే వెల్డింగ్ మరకకి మళ్లీ కొట్టాలి. చాంబర్ రెండు ముక్కలూ కలిపే పంపండి, అవి జతగా బోరు చేసినవి, ఇంకో బండి ముక్కతో కలవవు.

ఇంజిన్ నంబర్ ఉన్నచోట నేను టేపు వేసి, మెత్తగానే కొడతాను, ముందూ తర్వాతా ఫోటో తీసి పంపుతాను. మీరు కూడా విప్పే ముందు ఒక ఫోటో పెట్టుకోండి. ఆ అంకెలు మసకబారితే రేపు ఆర్టీవో ఆఫీసులో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. బఫింగ్ చేసే కొందరు మెరుపు కోసం నంబర్ మీద కూడా చక్రం తిప్పేస్తున్నారు, దయచేసి ఒప్పుకోకండి.

గేట్లకీ గ్రిల్స్‌కీ ఇసుక కొట్టే చోట తక్కువకి చేస్తారు కదా అంటే, చేస్తారు. ఇసుక అల్యూమినియంలో గుచ్చుకుని ఉండిపోతుంది, ప్యాకింగ్ ఫేసు చిల్లులు పడ్డట్టు అవుతుంది. ఆ పొడి దుమ్ము పీల్చిన మనిషికి సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. ఆ రేటుకి నేను పోటీ పడను.

మా దగ్గర్నుంచి వచ్చాక కూడా నేరుగా ఫిట్టింగ్‌కి ఇవ్వకండి. నేను కడిగి, గాలి కొట్టే పంపుతాను, అయినా మీరు మళ్లీ వేడి సబ్బునీళ్లలో బ్రష్‌తో ప్రతి రంధ్రం రుద్ది, గాలి పెట్టి, టార్చి వేసి చూసుకోండి. బుల్లెట్ బోరు కూడా పంపే వాళ్లయితే, అది ఇనుము కాబట్టి తడి ఆరకముందే ఎర్రబారుతుంది. నేను ఆయిల్ పూసి పంపుతాను, పెయింట్ వేసే రోజు వరకు తుడవకండి.

ఇప్పటికే మా షాపులో బేరింగులతో ఉన్న చాంబర్ల యజమానులకి ఈ వారంలో ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. వాటికి పాత పద్ధతే, విప్పే కూలి అడగను, కాకపోతే ఆలస్యం అవుతుంది. తొందరున్నవాళ్లు వచ్చి తీసుకెళ్లి, విప్పి తెచ్చినా సరే, మీ వరస నంబర్ పోదు. ట్రాన్స్‌పోర్ట్‌లో పంపేవాళ్లు ఆయిల్ పూర్తిగా వంపేసి, లోపలి వైపు పెయింట్ మార్కర్‌తో పేరు రాసి, రెండు ముక్కల మధ్య అట్ట పెట్టి కట్టండి. నట్లు, వాషర్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.