కొత్త లాప్‌టాప్, కావలి రైలు, చెవిలో పుస్తకం

ఒంగోలు

ఒరే రమణా,

ఎట్టుండావు? లాప్‌టాప్ కొన్నావని తెలిసి భలే సంబరంగా ఉంది. రోజూ కావలిలో రైలెక్కి నెల్లూరులో దిగే నీకు ఆడియో పుస్తకాలకి మించిన తోడు లేదు. ఫోను ఉండగా లాప్‌టాప్‌తో ఏం పని అని ఎవరన్నా అంటే పట్టించుకోబాక. వినేది ఫోన్లోనే గానీ పుస్తకాన్ని వినడానికి వీలుగా సిద్ధం చేసేది లాప్‌టాప్‌లోనే. రాత్రి ఇంట్లో ఆ పని చేసి పెట్టుకుంటే, దారిలో సిగ్నల్ ఉన్నా పోయినా నీ కథ ఆగదు.

ముందు సైజు సంగతి. మనిషి గొంతుకి పాటలంత క్వాలిటీ అక్కర్లేదు. మోనోలో (రెండు చెవులకీ ఒకటే ధ్వని) 64 కేబీపీఎస్ (సెకనుకి 64 కిలోబిట్లు) ఎంపీ3 చాలు, గంటకి 29 ఎంబీ లోపే. పది గంటల పుస్తకం 290 ఎంబీలో సర్దుకుంటుంది. అదే 320లో పెడితే గంటకే 144 ఎంబీ, దండగ. లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో 2005 నుంచి వాలంటీర్లు కాపీరైటు తీరిన పుస్తకాలు చదివి ఉచితంగా పెడుతున్నారు. పుస్తకం మొత్తం ఒకే జిప్‌గా దిగుతుంది. కాకపోతే ఎక్కువ ఇంగ్లీషువే. తెలుగుకి దాసుభాషితం లాంటి యాప్‌లు చూడు. యాప్‌లో తీసుకున్న పుస్తకాన్ని మామూలుగా ఆ యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకుని వినాలి.

అసలు తిప్పలంతా ఫైళ్ల వరసతోనే. లాప్‌టాప్‌లో 1, 2, 3 అని చక్కగా కనిపిస్తాయి, ఎందుకంటే విండోస్ అంకెల్ని అంకెలుగానే చూస్తుంది. ఫోన్లో కొన్ని ప్లేయర్లు వాటిని అక్షరాల్లాగా చూస్తాయి. దాంతో 1 తర్వాత 10, 11, ఆ తర్వాతెప్పుడో 2. మొదటి అధ్యాయం అవంగానే పదో అధ్యాయం మొదలైతే కథ ఏం అర్థమవుతుంది చెప్పు? ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో. ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్-కె కొట్టు, ముందు సున్నాలు చేర్చే ఆప్షన్‌కి టిక్ పెట్టు. తర్వాత ఆల్ట్-1 కొట్టి, ట్రాక్ నంబరు ముందు వచ్చేటట్టు ఫైలు పేర్లు మార్చు. 01, 02 అని పడతాయి, ఇంక యాడా తప్పవు. ఆల్బమ్ గడిలో అన్నింటికీ ఒకటే పేరు ఉండాల. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే ఆప్షన్స్‌లో ట్యాగ్స్, అందులో ఎంపెగ్‌కి పోయి ఐడీ3వీ2.3 యూటీఎఫ్-16 ఎంచుకుని మళ్లీ సేవ్ చెయ్యి.

పాత రికార్డింగుల్లో గొంతు ఒకచోట గుసగుసగా, ఇంకోచోట కేకలా ఉంటుంది. ఇంట్లో అయితే పర్వాలేదు గానీ, రైలు పెన్నా బ్రిడ్జి మీదికి రాంగానే ఆ గుసగుస వినపడదు. అడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటర్లో ఫైలు తెరిచి ముందు ఎక్కువ తక్కువల్ని దగ్గరికి తెచ్చే కంప్రెసర్, తర్వాత మొత్తం సౌండ్‌ని ఒక మట్టానికి తెచ్చే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ −16 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర, చివర్లో సౌండ్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ −1 డెసిబెల్ దగ్గర పెట్టు. ఈ వరస మార్చబాక. ముందే సౌండ్ పెంచి తర్వాత కంప్రెసర్ పెడితే ఎక్కువ తక్కువలు మళ్లీ మారిపోతాయి. ఎంపీ3ని సేవ్ చేసిన ప్రతిసారీ క్వాలిటీ కొంచెం తగ్గుతుంది కాబట్టి అసలు ఫైలు పక్కన ఉంచుకుని ఒక్కసారే ఎక్స్‌పోర్ట్ చెయ్యి.

ఇంట్లో ఉన్నప్పుడు ఇంకో సుఖం ఉంది. ఎడ్జ్ బ్రౌజర్లో తెలుగు పేజీ తెరిచి కంట్రోల్-షిఫ్ట్-యు కొడితే మోహన్, శ్రుతి అనే గొంతులు చదివి పెడతాయి. దానికి నెట్ కావాల. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత పీడీఎఫ్ ఇస్తే మాత్రం పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు చదువుతుంది, అది అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు గదా. స్కాన్ చేసిన పేజీలైతే అసలు నోరే విప్పదు. వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే చాలావరకు అక్షరాలు బయటికొస్తాయి.

ఫోన్లోకి ఎక్కించేటప్పుడు కేబుల్ పెట్టినా లాప్‌టాప్‌లో ఏమీ కనిపించకపోతే నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కు. అప్పటికీ రాకపోతే అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయ్యుండొచ్చు, వేరేది పెట్టి చూడు. ఆండ్రాయిడ్‌లో వాయిస్ అనే ప్లేయర్ ఉచితం, ఆపిన చోటు గుర్తు పెట్టుకుంటుంది. దానికి బ్యాటరీ సెట్టింగుల్లో అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వు. లేకపోతే స్క్రీన్ ఆఫ్ అయిన కాసేపటికి కొన్ని ఫోన్లు దాన్ని ఆపేస్తాయి.

చెవి సంగతి మర్చిపోబాక. రైలు మోత మీద వినపడాలని సౌండ్ పెంచుకుంటూ పోవద్దు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా పర్వాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంతకు మించేకొద్దీ ఆ గంటలు తగ్గిపోతాయి. ఇయర్‌ఫోన్‌తో వచ్చే సిలికాన్ మూతలు మూడు సైజులూ పెట్టి చూడు. చెవికి బిగుతుగా కూర్చుంటే బయటి మోత చాలావరకు తగ్గుతుంది. ప్లాట్‌ఫాం మీద మాత్రం ఒక చెవి ఖాళీగా ఉంచుకో, అనౌన్స్‌మెంట్ వినపడాల.

వేగం 1.25 పెట్టుకుంటే గంట పుస్తకం 48 నిమిషాల్లో అయిపోతుంది. పద్యం వచ్చినప్పుడు మాత్రం మామూలు వేగానికి దించి విను. యతి, ప్రాస చెవిన పడాలంటే తొందర పనికిరాదు.

ఆదివారం ఇటు వస్తే లాప్‌టాపూ, కేబులూ సంచిలో వేసుకుని రా. నా దగ్గరున్న పుస్తకాలన్నీ నీకు ఎక్కిస్తా. అమ్మని అడిగానని చెప్పు.

నీ
శీనయ్య