సర్పికి మూడు రోజులే గడువు

ప్రకాశం జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె. పోయిన మార్చిలో మా అమ్మకు ఎడమ పక్కటెముకల మీద మంట మొదలైంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్ వేడేమో అనుకున్నాం. రెండో రోజుకి పొక్కులు, వీపు నుంచి రొమ్ము కిందకి ఒకే పట్టీలా. సర్పి అన్నారు, చుట్టు కలిస్తే మనిషి దక్కదన్నారు. ఎర్రమట్టి పూయించాం (చదువుకున్నవాణ్ణి, నేనూ ఊరుకున్నాను). ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆరో రోజు. పొక్కులు మాడాయి గానీ, ఇప్పటికీ జాకెట్టు గుడ్డ తగిలితే అమ్మ ఉలిక్కిపడుతుంది.

ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరసే నరాల్లో దాక్కుని, వయసు మళ్ళాక ఇలా లేస్తుందట. పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితే మేలు. 50 దాటినవారికి రెండు డోసుల టీకా 2023లో మన దేశానికొచ్చింది. సర్కారు ఉచిత టీకాల్లో లేదు, కొనే స్తోమత మాకు లేదు.

టీకా సంగతి మీ చేతుల్లో లేదని తెలుసు. మాత్రలైనా ప్రతి పీహెచ్‌సీలో ఉండేలా చూడండి. ఒకటో తారీఖు పింఛను ఇచ్చేటప్పుడు సచివాలయం వాళ్ళచేత ఒక్క మాట చెప్పించండి: ఒంటికి ఒకే పక్క మంట, పొక్కులు వస్తే ఆ రోజే రమ్మని. కంటి దగ్గరైతే పూట కూడా ఆగొద్దని.

ఇట్లు,
ఒక పొగాకు రైతు