సీసా మీద ‘వజ్రకరూరు’ పేరు తీసేశాం

మన గుంతకల్లు గానుగకు ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లకు ఈ సంగతి నేనే చెప్పాలి. ఈ నెల నుంచి సీసా మీద ‘వజ్రకరూరు బుడ్డల నూనె’ అని ఉండదు, ఉత్త ‘బుడ్డల నూనె’ అనే ఉంటుంది. వేరుశనగ గింజలు ఆదోని మార్కెట్ యార్డు నుంచి తెచ్చినవి.

పదకొండేళ్లుగా మనకు బుడ్డలు వేసింది వజ్రకరూరులోని మా మామ ఒక్కడే. మా నాయన స్నేహితుడు. ఈ ఏడు కూడా మే నెలలో విత్తనాలకని అడ్వాన్సు తీసుకున్నాడు. జూన్‌లో తొలకరి పడింది. తొలకరి పడితే అక్కడ జరిగేది మీకు తెలిసిందే. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి, కర్నూలు నుంచి, బళ్లారి నుంచి జనం దిగి చేలల్లో వజ్రాలు వెతుకుతారు. ఏటా కట్టె పట్టుకుని వాళ్లను తరిమే మామ ఈసారి తానే నడుం వంచాడు. పక్క చేన్లో ఎవరికో రాయి దొరికిందని పుకారట. ఆయన వెతుకుతూ ఉండగానే పదును ఆరిపోయింది. ఎనిమిది ఎకరాల్లో విత్తింది రెండే.

నేను ఫోన్ చేసినప్పుడల్లా “మొలక బాగుందప్పా” అనేవాడు. ఆగస్టులో బండేసుకుని పోయి చూస్తే చేను బోడిగా ఉంది. “వజ్రం దొరికిందా?” అన్నాను. “లేదు” అన్నాడు. ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. పంట పోయినందుకు కాదు, ఆ అబద్ధానికి కడుపు రగిలింది. అడ్వాన్సు అడగలేదు, అడగను కూడా. వచ్చే ఏడు మళ్లీ ఇస్తానా అంటే, ఇవ్వను. మా ఇంట్లో ఆమె మాత్రం “ఇస్తావులే” అంటోంది.

అక్టోబరంతా నాకు సరిగ్గా నిద్ర లేదు. గానుగ ఆపితే ఇద్దరు పనివాళ్లకు కూలి ఎట్లా? “లేబుల్ అట్లే ఉంచు, నూనె వాసన చూసి ఊరు పేరు చెప్పే మొనగాడు ఉన్నాడా?” అన్నాడు ఒక వ్యాపారి. రెండు రాత్రులు ఆ మాట నాకూ బాగానే అనిపించింది, దాచను. చివరికి మిగిలిన లేబుళ్లు కట్ట కట్టి అటక మీద వేశాను. కాల్చడానికి మనసు రాలేదు.

ఆ లేబుల్ కింద ‘అగ్నిపర్వతపు నేలలో పండినవి’ అని ఉండేది కదా, అదీ నేను గొప్పకు వేయించిందే. సుమారు 110 కోట్ల ఏళ్ల కింద 150 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి ఎగదన్నుకొచ్చి గడ్డకట్టిన రాతి గొట్టాలు ఆ చుట్టుపక్కల ఉన్న మాట నిజం. కింబర్లైట్ అంటారు, వజ్రాలు పైకొచ్చింది వాటితోనే. అగ్నిపర్వతం నోరు ఎప్పుడో అరిగిపోయింది. కానీ గొట్టాలున్న జాగా కొంచెమే. మిగతాదంతా మామూలు నేలే, మామ చేనూ అంతే.

ఇప్పుడు ఆడిస్తున్నది కదిరి-6 రకం. బూజు గింజ మేమే ఏరేస్తున్నాం. చెక్క గానుగ అదే, ధర అదే. ఊరు పేరు పోయింది కాబట్టి ధర తగ్గించమని ఒకరు అడిగారు. తగ్గించను. పామాయిల్ కలుపుతున్నానని అన్నవాళ్లు పొద్దున ఐదింటికి వచ్చి గానుగ పక్కనే నిలబడి చూడవచ్చు, టీ కూడా ఇప్పిస్తాను. పాత నూనె అరవై లీటర్లు ఉంది, ఇంటికి ఒక లీటరు చొప్పున పాతవాళ్లకే.

నిన్న మామ ఆ రెండెకరాల పంట, తొమ్మిది మూటలు, ఆటోలో వేసి పంపాడు. ఫోన్ చేయలేదు. షెడ్డు మూలన పెట్టించాను. ఇంకా విప్పలేదు.