లేని చేతి పిడికిలి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

నీ ఫోన్ వచ్చినప్పుడు సంతలో ఉన్నాను, ఆ గోలలో సగం వినబడలేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కళ్ళకు తగిలించుకునే హెడ్‌సెట్ కూడా అక్కర్లేకుండా నరాల ద్వారానే ఇంకో లోకంలోకి వెళ్ళిపోయే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) మనం బతికుండగా వస్తుందా అని అడిగావు కదా. సగం వచ్చేసిందిరా. కష్టమంతా మిగిలిన సగంలోనే ఉంది.

వచ్చిన సగం ఏమిటంటే, మన ఒంట్లోంచి బయటికి వెళ్ళే సంకేతం. వేలు కదపాలనుకోగానే మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కండరానికి కబురు వెళ్తుంది, అక్కడ చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని చర్మం మీద నుంచే పట్టుకోవచ్చు. ఈఎంజీ అంటారు. ఫేస్‌బుక్ 2019లో ఒక కంపెనీని కొన్నది దీనికోసమే, 2025లో మణికట్టు పట్టీగా, కళ్ళజోడుతో కలిపి అమ్మకానికి పెట్టింది కూడా.

లోపలికి పంపడం వేరే కథ. చెవి నరంలో సుమారు 30,000 పోగులుంటాయి, చెవిటివాళ్ళ లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌లో కరెంటు అందించే ఎలక్ట్రోడ్లు 22 ఉంటే గొప్ప. అంత కొంచెంతోనే పిల్లలు మాటలు నేర్చుకుంటున్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, కానీ పాట మాత్రం మనకు వినబడినట్టు వినబడదు. కంటి నరంలో పోగులు పది లక్షలు, ఇక చూసుకో. స్పర్శ సంగతికొస్తే 2015లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, ఒళ్ళు చచ్చుబడిన నేథన్ కోప్‌లాండ్ అనే అతని మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టారు, రోబో వేళ్ళను తాకితే తన వేళ్ళనే ఎవరో నొక్కినట్టు తెలిసిందతనికి. పైగా అక్కడ నువ్వు పరిగెడుతుంటే ఇక్కడ మంచం మీద కాళ్ళు తన్నుకోకూడదు కదా. కలలో మెదడే కండరాలకు కబురు ఆపేస్తుంది, ఆ పని యంత్రంతో ప్రమాదం లేకుండా చేయించాలి.

ఇదంతా ఎందుకు చదువుతున్నానో నీకింకా చెప్పలేదు. మా చిన్నాన్న కుడిచెయ్యి రైస్‌మిల్లు బెల్టులో పోయింది గుర్తుందా, మోచేతికింద జానెడే మిగిలింది. ఆ లేని చెయ్యి రాత్రిళ్ళు నొప్పెడుతుందట. పిడికిలి బిగుసుకుపోయి గోళ్ళు అరచేతిలో దిగుతున్నట్టు, విప్పుదామంటే విప్పుకోనట్టు. పిన్ని ఎన్నిసార్లు నూనె రాసిందో, మొండిచేతికే కదా రాయగలిగేది. స్వీడన్‌లో మాక్స్ ఓర్టిజ్ కాటలాన్ అనే పరిశోధకుడి బృందం వాళ్ళు ఇలాంటి నొప్పి ఉన్న 14 మందికి మొండిచేతి కండరాల సంకేతాలతో తెరమీద ఒక చేతిని కదిలించేలా సాధన చేయించారు, నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. ఆ వ్యాసం 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. చదివాక ఆగలేకపోయాను.

చిన్న ఈఎంజీ బోర్డు, దాని సంకేతాన్ని ల్యాప్‌టాప్‌కి అందించే ఆర్డుయినో అనే బుల్లి సర్క్యూట్ బోర్డు తెప్పించాను, మెడికల్ షాపులో ఈసీజీ స్టిక్కర్లు కొన్నాను. ముందు నా చేతికే పెట్టుకుంటే తెరమీద సంకేతం గీత ఒకటే వణుకు! రెండ్రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, అది గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు. ఛార్జర్ పీకేసి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపితే చాలావరకు కుదురుకుంది. చెమట తుడిచి అంటించాలి, లేకపోతే స్టిక్కరు జారి గీత గెంతుతుంది.

నిన్న సాయంత్రం చిన్నాన్న మొండిచేతికి పెట్టాం. "విప్పుతున్నా అనుకో" అన్నాను. చర్మం కింద కండరం మెదిలింది, గీత పైకి లేచింది, తెరమీద నేను గీసిన ముతక బొమ్మచెయ్యి వేళ్ళు విప్పింది. పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆపకురా, ఇంకోపాలి సూపించు" అన్నాడు. ఇరవైసార్లు పైనే చేయించుకున్నాడు. ఆ రాత్రి నొప్పి రాలేదని కాదు, వచ్చింది.

ల్యాప్‌టాప్‌లో ఆ చెయ్యి ఎదురుగా ఎక్కడో ఉంటుంది బావా, ఆయన మొండిచేతికే అతుక్కుని ఉన్నట్టు కనబడాలి. దానికి హెడ్‌సెట్ కావాలి. రథయాత్రకి ఎలాగూ వస్తావు, మీ ఆఫీసులో వాడకుండా పక్కన పెట్టిన పాతదేమైనా ఉంటే అడిగి పట్టుకురా. పట్టీలు తెగినా ఫర్వాలేదు, కుట్టిస్తాను.

నీ
బావ