బొద్దింకలకీ స్టేజి భయమేనట

విజయనగరం,
ఆదివారం సాయంత్రం.

ఒరేయ్ బావా,

ఫోన్ చేస్తే రెండో నిమిషానికే "మీటింగుందిరా, తర్వాత మాట్లాడతా" అంటావు. అందుకే ఈ ఉత్తరం. నేనిప్పుడు చీర్ లీడింగ్ మాస్టార్ని! నవ్వుకోవడం అయిపోయాక మిగతాది చదువు.

కాలేజీ స్పోర్ట్స్ మీట్‌కి "ఐపీఎల్‌లో లాగ ఏదైనా పెడదాం మాస్టారూ" అన్నారు పైవాళ్లు. మనవాళ్లకి చీర్ లీడింగ్ అంటే 2008లో టీవీలో చూసిన పొట్టి గౌన్లే. అది 1898లో అమెరికాలో, మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక కుర్రాడు జనం చేత పెట్టించిన కేకలతో మొదలైందనీ, ఇప్పుడు మనుషుల్ని ఎత్తి, గాల్లోకి విసిరి పట్టుకునే కష్టమైన ఆటనీ, 2021లో దాని అంతర్జాతీయ సంఘానికి ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చిందనీ ఇంటింటికీ వెళ్లి చెప్పాను. ట్రాక్ ప్యాంట్లు, తెల్ల టీషర్టులే వేస్తామని ఒట్టు కూడా వేశాను. పన్నెండు మంది ఆడపిల్లలు పోగయ్యారు.

సినిమా పాట వద్దు, తప్పెటగుళ్ల దరువు పెడదామన్నది నా బుర్రే. చిన్నప్పుడు జాతర్లో నోరెళ్లబెట్టి చూసేవాళ్లం గుర్తుందా? గుండెల మీద తప్పెట కట్టుకుని, గజ్జెల కాళ్లతో ఎగిరెగిరి ఆడి, చివర్లో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడేవారు. అది చీర్ లీడింగ్ కాకపోతే మరేటిరా?

చేతుల్లో పట్టుకుని ఊపే కుచ్చులు, అదే పాంపాంలు, ఎర్ర క్రేప్ కాయితంతో మేమే కత్తిరించుకున్నాం. చెమట తగిలితే రంగు దిగుతుందని అప్పటికి తెలీదు.

ఇక నా ఘనకార్యం విను. మీట్‌కి పది రోజుల ముందు పక్క బడి పిల్లల ఎదుట ఒకసారి ఆడి చూపిద్దామన్నాను. అందరిలోకీ బాగా ఆడే పిల్ల ముందు వరస మధ్యలో ఉంటుంది. అది సరిగ్గా లోపలికి వెళ్లబోతుంటే భుజం పట్టుకుని ఆపి, "మోచెయ్యి వంచకు, మడమ ముందు వెయ్యి, గెడ్డం పైకి, మూడో ఎనిమిది లెక్కల్లో తొందరపడకు, నవ్వు" అని ఒక్క గుక్కలో అప్పజెప్పాను. అది తలూపింది. వెళ్లింది. రెండో ఎనిమిదికే చేతులు గాల్లో ఆగిపోయాయి. పక్కపిల్లని చూసి వేద్దామనుకుంది, ఆ పక్కపిల్ల దీన్ని చూస్తోంది. మొత్తం వరసే కూలబడింది.

ఆ పిల్ల ఏడవలేదు. "సార్, నా చేతులు నావి కానట్టు అనిపించింది" అంది. ఆ ముక్క రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

మా అమ్మ సంక్రాంతికి మెలికల ముగ్గు వేస్తున్నప్పుడు ఎప్పుడైనా గమనించావా? మాట్లాడుతూనే గీస్తుంది, చెయ్యి దానంతటది తిరుగుతుంది. "ఇప్పుడు ఏ చుక్క చుట్టూ తిప్పావమ్మా?" అని అడిగావో, అక్కడే గీత వంకరపోతుంది. వంటబట్టిన పనిని మళ్లీ ముక్కలు ముక్కలుగా చూసుకుంటే చెయ్యి తడబడుతుంది. నేను చేసింది అదే. ఇప్పుడు "మోచెయ్యి చాచు" అనడం మానేశాను. "పాంపాంతో ఆ గోడ గడియారాన్ని కొట్టు" అంటున్నాను. మోచెయ్యి దానంతటదే చాపుతుంది.

ఇంకో తప్పు కూడా ఉంది. చివరి ఎనిమిది అడుగులూ రెండు రోజుల ముందే మార్చాను. జాయన్స్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. జనం చూస్తుంటే బాగా వచ్చిన పని ఇంకా బాగా వస్తుంది, కొత్త పని ఇంకా పాడవుతుంది అని 1965లో చెప్పాడు. ఊరుకోలేదు, 1969లో బొద్దింకలతో పరుగు పెట్టించాడు. అద్దాల పెట్టెల్లోంచి వేరే బొద్దింకలు చూస్తుంటే, తిన్నని దారిలో పరిగెత్తేవి ఒంటరిగా పరిగెత్తినవాటికన్నా వేగంగా పోయాయట. మలుపు ఉన్న దారిలో మాత్రం నత్తనడక! పిల్లలకి చెప్తే అరగంట నవ్వారు. ఇప్పుడు ఎవరైనా బెదిరితే "బొద్దింకా" అని పిలుస్తున్నారు. టెన్షన్ సగం అక్కడే పోతోంది.

అసలు చిక్కు వేరే ఉంది. మా ఆట చివర్లో మిగతావాళ్ల భుజాల మీదుగా పైకెక్కే పిల్ల ఒకసారి పరుపు మీద పడింది. దెబ్బేం తగల్లేదు. కానీ మర్నాటి నుంచి ఎక్కలేదు. భుజం దాకా వచ్చి కాలు ఆగిపోయేది. బతిమాలాను, కోప్పడ్డాను, సిగ్గుపడాల్సిన మాటొకటి కూడా అన్నాను. ఆ ఆట ఆడేవాళ్లు దీన్ని 'మెంటల్ బ్లాక్' అంటారు. ఒంటికి విద్య వచ్చు, మనసు గేటు తియ్యదు. బలవంతం చేస్తే ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

అప్పుడే మా ప్రాక్టీసు చూడ్డానికి ఒక తప్పెటగుళ్ల పెద్దాయన వచ్చాడు. చుట్ట కాల్చుకుంటూ గోడవార కూర్చున్నాడు. పైపిల్లకి ఏదో ధైర్యం చెప్తాడనుకున్నాను. దాని వంక చూడనేలేదు. కింద మోసే ముగ్గురినీ పిలిచి, "మీరేటి, జనాన్ని సూత్తన్నారు? అది పైనున్నంత సేపూ మీ కళ్లు దాని మీదే ఉండాల. అది మాత్రం కిందకి సూడకూడదు" అన్నాడు.

నాకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. పైపిల్లకి ధైర్యం తక్కువని నేను తేల్చేశాను. దానికి పోయింది ధైర్యం కాదు, కింది చేతుల మీద నమ్మకం. పైగా నా తెలివికి, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని రోజుకొకరిని కింద నిలబెడుతున్నాను!

ఆ రోజు నుంచి కింద ఆ ముగ్గురే. వారం రోజులు ఎక్కడం మానేసి పడటమే నేర్చుకున్నాం. తొడ ఎత్తు నుంచి వెనక్కి వాలడం, పట్టుకోవడం, మళ్లీ వాలడం. నాలుగో రోజుకి పైపిల్లే "సార్, నడుం దాకా చూద్దామా?" అంది.

మన సంగీత కళాశాల గోడ పక్కన సైకిలాపి గజ్జెల చప్పుడు వినేవాళ్లం కదా. 1919లో పుట్టిన ఆ కళాశాలలోనే నాట్యం నేర్చుకున్న మా పిన్ని, నర్తకికి పది ప్రాణాలుంటాయని శాస్త్రం చెప్పిందనేది. వేగం, రేఖ, చూపుతో పాటు మేధ, శ్రద్ధ కూడా అందులో ఉన్నాయి. మొన్న అడిగితే మళ్లీ లెక్కపెట్టి చెప్పింది. పదిలో భయం లేకపోవడం అన్నది లేదు. ఎంత హాయిగా అనిపించిందో!

భయం అస్సలు లేనివాళ్లతోనూ తంటాయే అనుకో. మా వరసలో ఒకత్తి ఉంది, స్టేజి మీదా ఆవలిస్తుంది. దాన్ని ఎక్కే ముందు రెండు రౌండ్లు పరిగెత్తిస్తాను. బెదిరిపోయే దాని పక్కపిల్లని మాత్రం మూల కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను. ఇద్దరికీ ఒకే ఉపన్యాసం ఇచ్చిన పాపం ఇన్నాళ్లూ చేశాను.

మొన్న శుక్రవారం మీట్ అయింది. ముందు వరసలో ఒక అడుగు తప్పింది, మూడు లెక్కల్లో సర్దుకున్నారు. పైపిల్ల ఎక్కింది. రెండు చేతులూ ఎత్తి ఎదురుగా ఉన్న వేపచెట్టు కొమ్మ వంకే చూసింది. కింది ముగ్గురి కళ్లూ దాని మీదే. దిగాక పాంపాంలు అటు పారేసి, కింద మోసిన పిల్ల భుజాలు గట్టిగా పట్టుకుంది. తెల్ల టీషర్టు మీద రెండు ఎర్రటి అరచేతులు పడ్డాయి.

వాళ్లమ్మ నాలుగుసార్లు ఉతికిందట, పోలేదట. రోజూ ఫోన్ చేసి నన్ను తిడుతోంది. నువ్వు ఆ బట్టల మిల్లులో ఇన్నేళ్లు పనిచేశావు కదా, క్రేప్ కాయితం రంగు దేనితో పోతుందో కాస్త కనుక్కుని రాయరా.

నీ పక్క బెంచీవాడు