పిల్లల చేత చూసింది రాయించండి

సంపాదకుడు గారికి,

గుంటూరులో బడుల పక్కన చాలా ఏళ్లుగా జిరాక్స్, ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. చిన్న తరగతుల పిల్లల ప్రాజెక్టు వర్కులు చాలావరకు మా షాపు మీదుగానే వెళ్తాయి, అందుకే ఈ ఉత్తరం. రేపు ప్రాజెక్టు ఇవ్వాలంటే ఈ రాత్రి తొమ్మిదింటికి అమ్మో నాన్నో హడావుడిగా వస్తారు. "మొక్క భాగాలు కలర్ ప్రింటు తియ్యండి, కింద నాలుగు లైన్లు మ్యాటర్ కూడా పెట్టండి" అంటారు. నెట్‌లోంచి మేం తీసిస్తాం, ఇంటికెళ్లి వాళ్లే చార్టు మీద అతికిస్తారు. పిల్లవాడు ఆ మొక్కను ముట్టుకోడు, ఆ నాలుగు లైన్లు చదవడు. ఇది చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మొన్న వానాకాలంలో మూడో తరగతి పాప ఒకతి నాయనమ్మతో వచ్చింది. దోమల మీద ప్రాజెక్టట. చేతిలో రూళ్ల కాగితం, దాని మీద పెన్సిల్‌తో రాసుకొచ్చింది: "మా డ్రమ్ములో పురుగులు ఉన్నాయి. తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి. డ్రమ్ము కొడితే అడుక్కి పోతాయి. మళ్లీ పైకి వస్తాయి." పక్కన బొమ్మ, తోక నీటి పైఅంచుకు తగులుతూ, తల కిందికి. ఎంత సరిగ్గా చూసిందో చెప్పలేను. దోమ పిల్లలు తోక దగ్గరున్న గొట్టంతోనే గాలి పీలుస్తాయి, అందుకే పైకి రాక తప్పదు, నీటి మీద నూనె వేస్తే చచ్చిపోయేదీ అందుకే. అంత మంచి కాగితాన్ని బడిలో చేతిరాత వద్దు, ప్రింటు తెమ్మన్నారట. ప్రింటు ఇచ్చాను గానీ, ఆ కాగితం మాత్రం పారేయొద్దని నాయనమ్మకు మరీ మరీ చెప్పాను.

ప్రైమరీ పిల్లలకు రాయడం నేర్పాల్సింది ఇలాగే అని నా గట్టి నమ్మకం. ఇప్పుడు రాయడమంటే బోర్డు మీది జవాబులు నోట్సులోకి ఎక్కించడం, లేదంటే గైడులోని ఆవు వ్యాసం. ఏడెనిమిదేళ్ల పిల్లలకు కళ్లెదురుగా ఉన్న వస్తువు గురించి రాయడం కంటే తేలికైన పని ఏముంటుంది? పెసలు ఒక రాత్రి నానబెట్టి తడిగుడ్డలో కట్టమనండి. ముందు బయటికొచ్చేది ఆకా, వేరా? ఏ రోజు వచ్చింది, స్కేలు పెడితే ఎంతుంది, తర్వాత ఏమైంది, ఎందుకలా జరిగిందనుకుంటున్నావు? ఇవి అడుగుతూ పోతే అయిదారు వాక్యాలు వాటంతటవే వస్తాయి, అవి కూడా వరసలో వస్తాయి, పైగా తాను చూసింది వేరు, తాను అనుకున్నది వేరు అని పిల్లలకు తెలుస్తుంది, పెద్దవాళ్లం వాట్సాప్‌లో వచ్చినదల్లా పంపే ఈ రోజుల్లో ఆ తేడా తెలియడం చిన్న విషయం కాదు.

ఇంకోటి. ఏటా ఆగస్టు 6, 7 తేదీల ప్రాంతంలో మన గుంటూరు, విజయవాడల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బు లేకపోతే మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో నిటారుగా పాతిన కర్రకు నీడే కనిపించదు. బడి ఉండే నెలే కదా, జూలై నుంచి వారానికోసారి అదే వేళకు నీడ కొలిచి రెండు లైన్లు రాసుకుంటే ఆ రోజుకి పిల్లల దగ్గర సొంత పుస్తకం తయారవుతుంది. పైసా ఖర్చు లేదు.

టీచర్లకు పని ఎక్కువని తెలుసు, యాప్‌లు, ఫొటోలు, రిజిస్టర్లతో వాళ్ల టెన్షన్ వాళ్లది. కానీ ఇది అదనపు పని కాదు, ఆ ప్రాజెక్టు స్థానంలోనే ఇది. ఇంగ్లిష్ మీడియం కదా అంటారు. సర్కారు బడి పుస్తకాల్లోనే ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఇచ్చారు, మరి పిల్లవాడు ముందు తెలుగులో రాసుకుంటే తప్పేంటి? ఒత్తులు తప్పాయని మొదటిసారే కాగితమంతా ఎర్రసిరా చేయకుండా ఉంటే చాలు. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి దాటేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలనే చెబుతోంది, తాను చూసింది రాయగలిగిన బిడ్డకు చదివింది అర్థం కావడం కష్టమా?

విద్యాశాఖ వారిని కోరేది ఒకటే. అయిదో తరగతి వరకు ప్రాజెక్టులకు ప్రింట్లు, కొన్న చార్టులు తీసుకోవద్దని, పిల్లల చేతిరాత, చేతిబొమ్మ ఉంటేనే మార్కులివ్వమని బడులు తెరిచేలోపు ఒక సర్క్యులర్ ఇవ్వండి. నా షాపుకి బేరం తగ్గుతుంది, తగ్గనివ్వండి. మీ పత్రికను కూడా ఒకటి అడుగుతున్నాను, ఆదివారం పిల్లల పేజీలో కథలు, గేయాల పక్కన "నేను చూశాను" అని పావు కాలమ్ ఇవ్వండి, తప్పులు మరీ దిద్దకుండా వాళ్లు రాసినట్టే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు